చాప ఎత్తిన చేతులు

పెనిటోవా కూలిపోయాక కూడా గొలుసు ఆగలేదు.

తోలు ఒలిచిన గొర్రెలు గొలుసు కొక్కేలకు వేలాడుతూ వస్తూనే ఉన్నాయి. పేగులు తీసే బల్ల కింద, రక్తం కలిసిన నీళ్లలో అతను బోర్లా పడి ఉన్నాడు. చేతిలో కత్తి ఇంకా వదల్లేదు. కాలిన్ అనే తెల్ల ముసలాయన తన పని వదిలేసి గోడకున్న, గొలుసు ఆపే ఎర్ర మీట వైపు పరిగెత్తాడు. మేస్త్రీ అడ్డం వచ్చి అతని చేయి పట్టుకున్నాడు.

"మీట ముట్టుకున్నావంటే ఊరుకోను. జలుబుకి ఇంత నాటకమేంటి? పక్కకి లాగండి వాణ్ణి!"

"జలుబా? పది రోజుల్నించీ వణికిపోతున్నాడు, నీకు కళ్లు లేవా?" మాంసం కోసే గది గుమ్మంలోంచి సెఫీనా అరిచింది.

అప్పుడు మలకీ ఒక పని చేశాడు. పడి ఉన్న మనిషిని దాటి అడుగేసి, అతని చోట నిలబడి, ఎదురుగా వచ్చిన గొర్రె పొట్ట చీల్చాడు. అది చూడి గొర్రె. సంచి పగిలి వెచ్చటి ఉమ్మనీరు మొహం మీద చిందింది. తుడుచుకోకుండానే తర్వాతి గొర్రెను అందుకున్నాడు. వెనక పెనిటోవాను కాళ్లు పట్టి ఈడ్చుకుపోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

దాటి వెళ్లమని అతనికి ఎవరూ చెప్పలేదు. చేతులు వాటంతటవే పోయాయి. గొలుసు ఆగకూడదన్న సంగతి అతని బుర్ర కంటే ముందు అతని చేతులకి తెలుసు. ఆ సాయంత్రం స్నానాల గదిలో ఆ చేతుల్ని చాలాసేపు సబ్బుతో రుద్దాడు మలకీ. అవి తనవి కానట్టు, ఎవరో తన భుజాలకు తగిలించి పోయినట్టు అనిపించింది.

*

తెల్లవాళ్ల దేశంలో ఆ కబేళా ఉన్న మెర్రిండా ఊరి చివర, హైవే పక్కన, మూతపడ్డ మోటెల్ ఒకటి ఉంది. కబేళా కంపెనీ దాన్ని అద్దెకు తీసుకుని సమోవా వాళ్లను ఇరవై ఇద్దర్నీ అందులో పెట్టింది. గదికి నలుగురు. అందరూ సవాయి దీవి వాళ్లే. వాళ్లలో మలకీ పెద్ద. ఊళ్లో అతనిది మాట చెప్పే పెద్దరికం. సభలో కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడంటే పసివాళ్లు కూడా ఏడుపు ఆపేవాళ్లు. ఇక్కడ మేస్త్రీ అతన్ని "ఏయ్ పొడుగోడా" అంటాడు. మూడేళ్లుగా ఆ పిలుపుకి పలుకుతున్నాడు.

ఆసుపత్రిలో పెనిటోవాకి వచ్చింది క్యూ జ్వరమన్నారు. అది గుండె కవాటానికి కూడా అంటుకుందని చెప్పి, మందులిచ్చి పంపేశారు. ఆ పేరు వినగానే కాలిన్ మోటెల్‌కి వచ్చాడు. భోజనాల గదిలో అందర్నీ కూర్చోబెట్టి, పర్సులోంచి నలిగిన కార్డు ఒకటి తీసి బల్ల మీద వేశాడు.

"మీ కార్డులేవి?"

"ఏం కార్డు?" అన్నాడు మలకీ.

"నాయనా! కబేళాలో అడుగుపెట్టాలంటే ముందు చర్మం మీద పరీక్ష చెయ్యాలి. వారం ఆగి సూది వెయ్యాలి. వేశామని కార్డివ్వాలి. గొర్రె ఉమ్మనీటిలో, రక్తంలో ఉంటుందీ రోగం. ఎండితే దుమ్మయి లేస్తుంది. ముక్కులోకి పోతే చాలు. గాలి లాగే పంకా చెడిపోయి ఎన్నాళ్లయింది?"

"అది తిరుగుతుందని ఇప్పుడే తెలిసింది" అంది సెఫీనా.

"సూది రాని రోజుల్లో నాకూ వచ్చింది. రెండేళ్లు మంచం దిగలేదు. మా ఆవిడ ఆ రెండేళ్లలోనే పోయింది."

"అయ్యో! రోగం ఆమెకీ అంటుకుందా?"

"లేదమ్మా. బ్రెడ్డు అమ్మేవాడితో పోయింది."

గది గొల్లుమంది. ఏడో నంబరు గదిలో పడుకున్న పెనిటోవాకి ఆ నవ్వు వినిపించి, "నన్నొదిలేసి ఏం తింటున్నార్రా?" అని కేకేశాడు.

ఏం చెయ్యాలో కాలినే చెప్పాడు. ఈ రోగం పని చోట వచ్చిందని తేలితే పరిహారం కంపెనీ నెత్తిన పడుతుంది. గుండెకి ఆపరేషన్ ఇక్కడే చేయించాలి, మనిషి కోలుకునేదాకా జీతమివ్వాలి. తేలకపోతే విమానం టిక్కెట్టు. సవాయిలో ఆ ఆపరేషన్ చేసేవాళ్లు లేరు. ఇంటికి పంపడమంటే చావుకి పంపడమే. తేలాలంటే సాక్ష్యం కావాలి.

ఇరవై ఇద్దరూ తలో కాగితం రాశారు. *మాకు పరీక్ష చెయ్యలేదు. సూది వెయ్యలేదు. దిగిన మర్నాడే పనిలో పెట్టారు.* పెనిటోవా మంచంలోనే సంతకం చేశాడు. వేళ్లు వణికి పేరులో సగం గీతే అయింది.

*

వారం తిరక్కుండానే ఒక మంగళవారం తెల్లవారుజామున మలకీ తలుపు తీసేసరికి మోటెల్ ముంగిట్లో కంకర మీద మనుషులు కూర్చుని ఉన్నారు.

గడ్డి మీద మంచు పేరుకుని తెల్లగా ఉంది. ముందు వరసలో ఒకడు తల వంచుకుని ఉన్నాడు. వాడి తల మీంచి నేల దాకా సన్నటి నేత చాప కప్పి ఉంది. అంచున ఎర్ర ఈకలు. పక్కనే తమ సమోవా చర్చి పాస్టర్ ఎలియా మోకాళ్ల మీద ఉన్నాడు. ఎదురుగా కట్టెలు, రాళ్లు. కట్టెలు పెట్రోలు బంకులో అమ్మే వల సంచిలో ఉన్నాయి, చీటీ కూడా పీకలేదు. రాళ్లు తోటల్లో అలంకారానికి పోసే నున్నటి గులకరాళ్లు.

ఇఫోంగా, క్షమాపణ వేడుకునే ఆచారం. సమోవాలో మనిషిని చంపినవాడి తరఫువాళ్లు కూడా చేసేది ఇదే. తప్పు మాది, ఇవిగో కట్టెలు, ఇవిగో రాళ్లు, కావాలంటే మమ్మల్ని కాల్చుకు తినండి అని చాప కప్పుకుని గుమ్మం ముందు కూర్చుంటారు. ఇంట్లోవాళ్లు కత్తి తీసుకుని రావచ్చు. లేదా వచ్చి చాప ఎత్తవచ్చు. ఎత్తారా, పగ అక్కడితో చచ్చినట్టే. ఆ ఊసు మళ్లీ ఎత్తినవాడికి ఊళ్లో మొహం ఉండదు.

చాప అంచు కింద మెరిసే బూట్లు కనిపించాయి. హోలిస్. కబేళా మేనేజరు. మూడేళ్లలో ఒక్కసారి కూడా మలకీ మొహంలోకి చూడని మనిషి.

మలకీ వెనక ఏడో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల పెనిటోవా దగ్గు. ఆ తలుపు పది అడుగుల దూరం. వెళ్లి, "తమ్ముడూ, ఏమంటావు?" అని అడగాలి. జబ్బు అతనిది. ఆడవాళ్లు అప్పటికే పొద్దుటి షిఫ్టుకి వెళ్లిపోయారు. మగవాళ్లు లుంగీలు చుట్టుకుంటూ గదుల్లోంచి వచ్చి వరండాలో నిలబడ్డారు. అందరి కళ్లూ మలకీ మీదే.

అతని లోపల ఏదో తియ్యగా కదిలింది. ఊళ్లో కర్ర పట్టుకుని లేచినప్పుడు కలిగే తీపి అది. మూడేళ్లుగా ఎక్కడో అణిగి ఉండి, ఇప్పుడు ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. తెల్లవాడు కంకర మీద తల వంచుకుని నా కోసం ఎదురు చూస్తున్నాడు. నేను ఎవరినో వీడికి తెలిసింది.

మెట్లు దిగాడు. చేతులు రెండూ ముందుకు పోయాయి. చాప ఎత్తాయి.

హోలిస్ కళ్లలో నీళ్లున్నాయి. చలికి అయుండొచ్చు. "పెనిటోవా మా మనిషి" అన్నాడు. "వైద్యమంతా మాదే." ఆ మాట రాసిమ్మని ఎవరూ అడగలేదు. చాప ఎత్తాక కాగితం అడగడమంటే క్షమించి మళ్లీ ఉమ్మేసినట్టు.

పాస్టరయ్య మలకీ భుజం మీద చెయ్యేశాడు. "ఇంక ఆ సాక్ష్యం కాగితాలెందుకు, అన్నా? క్షమించానంటూ జేబులో కత్తి దాచుకోవడం కాదా? ఇలా ఇచ్చెయ్యండి."

ఇరవై రెండు కాగితాలూ పాస్టరయ్య బైబిలు సంచిలోకి వెళ్లాయి.

సాయంత్రం సెఫీనా బూట్లు కూడా విప్పకుండా మలకీ గది గుమ్మంలో నిలబడింది. పెనిటోవా ఆమె చిన్నాన్న కొడుకు.

"ఎత్తావట కదా పెద్దాయనా?"

"పెద్దరికంలో చెయ్యాల్సిన పని చేశాను."

"వాణ్ణడిగావా?"

"చాప ముందు మంతనాలాడతారా ఎవరైనా?"

"పది అడుగులు. జబ్బు వాడిది, గుండె వాడిది. క్షమాపణ మాత్రం నీకు."

హోలిస్ వదిలివెళ్లిన చాపను మలకీ మర్యాదగా చుట్టి బీరువా మీద పెట్టాడు. అటు చూడను కూడా చూడనంది సెఫీనా. చూసి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

*

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. భోజనాల గదిలో కాలిన్‌తో సహా అందరికీ సెఫీనా చదివి చెప్పింది, ఇంగ్లీషు ఆమెకే బాగా వచ్చు.

పెనిటోవాకి వచ్చిన రోగానికి, పని చోటుకి సంబంధం లేదు. అతని ఇంట్లో పందుల్ని పెంచుతారు కాబట్టి అక్కడే అంటుకుని ఉంటుంది. ఉద్యోగులందరికీ కిందటేడు అక్టోబరు పదమూడున కంపెనీ సూది వేయించింది, రికార్డులున్నాయి. దీన్ని కాదన్న సాక్షులెవరూ లేరు. పని చెయ్యలేని కారణంగా అతని ఒప్పందం ముగిసింది. శుక్రవారం విమానం.

పెనిటోవా కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. "మా పందులు విన్నాయంటే ఊరుకోవు" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

"అక్టోబరు పదమూడు" అంది సెఫీనా. "ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఏం రోజది?"

మూలనుంచి సలేసా అనే అతను నెమ్మదిగా అన్నాడు. "పిల్లల ఆదివారం."

అవును. ఊళ్లో పిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వాక్యాలు అప్పజెప్పే ఆదివారం. ఆ రోజు ఇరవై ఇద్దరూ ఈ గదిలోనే ఫోన్లు పట్టుకుని, వేల మైళ్ల అవతల తమ పిల్లలు పాడుతుంటే చూస్తూ ఏడ్చారు.

"ఆదివారం మనం కొబ్బరి కూడా తురమం" అన్నాడు సలేసా. "సూదులు పొడిపించుకుంటామా? అబద్ధం రాసేవాడు ముందు క్యాలెండరు చూసుకోవద్దూ?"

"సాక్షుల్లేరట! మన కాగితాలేమైనట్టు?" అని అడిగారెవరో.

"ఇచ్చేశాం కదా, క్షమించి" అంది సెఫీనా.

"ఇంక మాట్లాడి లాభం లేదు" అన్నాడొకడు. "చాప ఎత్తేశాం. పైగా వీసా వాళ్ల చేతిలో ఉంది. నోరెత్తితే పెనిటోవా పక్క సీటులో నేనుంటాను."

"ఉండు. కిటికీ పక్క సీటు అడుక్కో" అంది సెఫీనా.

"నీకేం, పిల్లల్లేరు!"

"నీ పిల్లలకి ఊపిరి ఆడని నాన్న కావాలా? పొద్దున నువ్వెంత దగ్గావో నా గదిలోకి వినిపించింది."

మలకీ లేచాడు. "హోలిస్ మాటిచ్చాడు" అన్నాడు. "చాప మీద ఇచ్చిన మాట అది. ఉత్తరం ఎవడో గుమాస్తా రాసుంటాడు. చాప తీసుకెళ్లి చూపించి అడుగుతాను." తనకే నమ్మకం లేని మాట అది. గదికి వెళ్లి బీరువా మీది చాప తెచ్చి బల్ల మీద విప్పాడు.

సెఫీనా అప్పుడే ఆ చాప వైపు చూసింది. దగ్గరికి వచ్చింది. ఒక మూల పట్టుకుని వేలితో తడిమింది. జానెడు మేర నేత వదులుగా, ఎదురు వాలుగా ఉంది.

"కాలిన్ మామా, ఆ లైటు వెయ్యి." వెలుతురులో ఆ మూలని మళ్లీ తడిమింది. "ఇది మా అమ్మ నేసింది."

"ఏంటీ?"

"రెండేళ్లు నేసింది. చివర్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మిగిలిన జానెడూ ఎడంచేత్తో పూర్తిచేసింది. ఇదిగో ఇదే. ఇక్కడ చర్చి పెట్టినప్పుడు నేనే పాస్టరయ్యకి కానుకిచ్చాను." ఆమె తలెత్తి అందర్నీ చూసింది. "హోలిస్ కప్పుకొచ్చింది మా అమ్మ చాప. మన మీదికి మన చాపే కప్పుకొచ్చాడు."

పాస్టరయ్యకి కబురు పంపారు. వచ్చాడు, బల్ల మీద విప్పి ఉన్న చాప చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సమాధానం కుదరాలనే ఇచ్చాను" అన్నాడు. "మీ ఉద్యోగాలు పోకూడదని..."

"కాగితాలేవి?"

"వాళ్లు చూస్తామన్నారు. తిరిగిస్తామన్నారు."

"ఇచ్చారా?"

పాస్టరయ్య బైబిలు సంచిని చంకలోకి లాక్కున్నాడు.

"చర్చి కప్పు కురుస్తోందని చెప్పేవాడివి కదా అయ్యా" అని మెల్లగా అడిగాడు పెనిటోవా. "కొత్త కప్పు వేయిస్తామన్నారా?"

పాస్టరయ్య తల దించుకున్నాడు. అతన్ని తిట్టడానికి నలుగురు లేచారు. మలకీ చెయ్యెత్తి ఆపాడు.

"ఆగండి. ఆయన చాప ఇచ్చాడు. ఎత్తింది నేను." గొంతులో సభల్లో పలికే ధాటి లేదు. "ఎందుకెత్తానో చెప్తాను, వినండి. శాంతి కోసం కాదు. వాడు నా ముందు తల వంచుకుని కూర్చుంటే నాకు బాగుంది. తియ్యగా ఉంది. ఆ తీపిలో పెనిటోవా గుర్తు రాలేదు. మొన్న వీడు పడిపోయినప్పుడూ అంతే. వీణ్ణి దాటెళ్లి కత్తి అందుకున్నాను. వాళ్లకి మనం ఎక్కడ మెత్తగా ఉంటామో తెలుసు. నేనెక్కడ మెత్తగా ఉంటానో కూడా తెలుసుకునే వచ్చారు."

ఇలాంటి మాట ఏ పెద్దా సభలో అనగా వాళ్లు వినలేదు. కొందరు నేల చూపులు చూశారు. పెనిటోవా మాత్రం అతన్నే చూస్తున్నాడు.

"ఆ రోజు తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను, అన్నా" అన్నాడు. "అడుగుతావనుకున్నాను."

"ఇప్పుడడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?"

"తిప్పి పంపించెయ్యి."

పాస్టరయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎత్తిన చాప తిప్పి పంపడమా? ఏ ఊళ్లోనైనా ఉందా? మలకీ, ఇది తెలిస్తే మీ ఊరి సభ నీ పెద్దరికం తీసేస్తుంది!"

"తీసెయ్యనీ అయ్యా. దాన్ని చూపించే కదా నన్ను కొన్నారు."

ఆ సాయంత్రం ఇరవై ఇద్దరూ మళ్లీ కాగితాలు రాశారు. ఈసారి ఎవరి కాగితం వాళ్ల దగ్గరే ఉంచుకుని, పరిహారం కోసం పంపమని నకళ్లు మాత్రం కాలిన్‌కిచ్చారు. ప్రతి కాగితం వెనకా పిల్లల ఆదివారం నాటి ఫోటో ఒకటి. కిటికీ పక్క సీటు మనిషి అందరికంటే ఆఖరున సంతకం చేశాడు. చేసి, "నా పిల్ల తెల్లగౌను బాగా కనబడాలి, పెద్దది వెయ్యండి" అన్నాడు.

*

శుక్రవారం పొద్దున ఐదున్నరకి కబేళా గేటు ముందు పొగమంచు. మోటెల్ నుంచి రెండు మైళ్లు నడిచే వచ్చారు. పెనిటోవాను భోజనాల గది కుర్చీలోనే కూర్చోబెట్టి నలుగురు మార్చి మార్చి మోశారు. "పెళ్లికొడుకులా ఉన్నావు" అన్నాడు సలేసా. "పెళ్లికూతురు దొరికితే విమానంలో కూర్చోబెట్టండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు పెనిటోవా. అతని పెదవులు నీలంగా ఉన్నాయి.

గేటుకి అడ్డంగా కూర్చున్నారు. ఎవరూ తల వంచలేదు. పెట్రోలు బంకు కట్టెలు, గులకరాళ్లు మధ్యలో పెట్టారు. హోలిస్ తెచ్చినవే, ఒక్కటి తగ్గకుండా. మలకీ దగ్గర సభలో పట్టుకునే కర్ర లేదు. మోటెల్ చీపురు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

"మీ క్షమాపణ మీకు తిరిగిస్తున్నాం" అన్నాడు గేటు వైపు తిరిగి. "చాప మాత్రం ఇవ్వం. అది మాదే."

పెనిటోవాకి వణుకు మొదలైంది. సెఫీనా చాప దులిపి అతని భుజాల చుట్టూ కప్పింది, ఎర్ర ఈకలు గడ్డం కిందికి వచ్చేలా. "అమ్మ చూస్తే తిట్టేది" అంది. "ఇంత మంచి చాపకి ఇంత వికారపు మొహమా అని."

కబేళాలో పనిచేసే తిమోర్ దేశం వాళ్ల బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. లోపల్నుంచి ఒకామె కిటికీ దించి, "ఏం జరిగింది?" అని అడిగింది. సెఫీనా కాగితం అందించి, "మీకు సూది వేశారా? కార్డుందా?" అని మాత్రం అంది. బస్సులో ఆ కాగితం చేతులు మారింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే దిగారు. కాలిన్, అతనితో పనిచేసే ఊరివాళ్లు పదకొండుమంది వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు.

లోపల మేస్త్రీ గొలుసు తిప్పాడు. ఖాళీ కొక్కేల గలగల గోడ దాటి వినిపించింది.

పోలీసు బండి వెనకే హోలిస్ వచ్చాడు. ఈసారి మందపాటి కోటు వేసుకున్నాడు. గుంపునంతా దాటుకుని నేరుగా మలకీ దగ్గరికే వచ్చి, మొహంలోకి చూసి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మలకీ, నువ్వు పెద్దమనిషివి. వీళ్లంతా నీ మాట వింటారు. మనిద్దరం లోపల కూర్చుని మాట్లాడుకుందాం. వీళ్లని పనిలోకి వెళ్లమను."

మళ్లీ అదే తీపి. మలకీ దాన్ని గుర్తుపట్టాడు. చచ్చిందనుకున్నది చావలేదు. బతికున్నంతకాలం తనలోనే ఉంటుంది కాబోలు. చీపురు కర్రని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నన్నడక్కు" అన్నాడు. "అతన్నడుగు."

హోలిస్‌కి కుర్చీలో ఉన్న మనిషి వైపు తిరగక తప్పలేదు. చాపలోంచి మొహం ఒక్కటే కనిపిస్తోంది. పెనిటోవా అతన్ని చాలాసేపు చూశాడు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"కట్టెలు తెచ్చావు, రాళ్లు తెచ్చావు" అన్నాడు. "వంటకి మాత్రం ఆగకుండా పోయావు. సెఫీనా, చేమదుంపలు ఎన్నున్నాయి?"

"రెండు సంచులు."

"బస్సు వాళ్లకి కూడా సరిపోతాయా?"

"సరిపెడతాను."

"అయితే అంటించండి. చలేస్తోంది."

ఇక్కడ మంట పెట్టడానికి వీల్లేదన్నాడు పోలీసు. గేటు ముందునుంచి లెమ్మన్నాడు. ఎవరూ లేవలేదు. ఎవరు నాయకుడో అతనికి హోలిస్ వేలితో చూపించాడు. మలకీ చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. చీపురు కర్ర కింద పడింది.

అగ్గిపుల్ల సెఫీనా గీసింది.

బంకు కట్టెలు బాగా ఎండినవి, వెంటనే అందుకున్నాయి. సలేసా గులకరాళ్లని మంటలోకి ఒక్కొక్కటే పేరుస్తున్నాడు. బండి ఎక్కిస్తుంటే మలకీ వెనక్కి తిరిగి చూశాడు. చాపలో మనిషి, మంట, చుట్టూ చేతులు చాచి చలి కాచుకుంటున్న యాభై అరవై మంది. గోడ అవతల కొక్కేల చప్పుడు ఇంకో రెండు చుట్లు తిరిగి, నెమ్మదించింది.

గొలుసు ఆగింది.